కిటికీ పక్క కుర్చీ

జులై 3

ఈ రోజు నుంచి మా ఇంట్లో భోజనాల దగ్గర రెండు మాటలు నిషేధం. ఒకటి గొంతు, రెండోది పన్ను. నిషేధం పెట్టింది నా ఆడపడుచు. ఆమె పిల్లల గొంతు డాక్టరు. ఉండేది పై వాటాలో, తినేది కింద మా దగ్గర. నేను పళ్ళ డాక్టర్ని. ఇద్దరం కలిసి పరిశోధన మొదలుపెట్టాం కాబట్టి ఇద్దరం దాని గురించి మాట్లాడుకోకూడదట. మా ఆయన ఈ సంగతి విని, పెళ్ళయిన ఇన్నేళ్ళకి తనకి ప్రశాంతంగా తినే యోగం పట్టిందన్నాడు.

వేళాకోళానికేం గానీ, నియమం మంచిదే. మూడు బళ్ళలో పిల్లల గొంతులు ఆమె చూస్తుంది, పళ్ళు నేను చూస్తాను, వేరువేరు రోజుల్లో. ఏ పిల్లకి గొంతునొప్పి తరచుగా వస్తుందో నాకు తెలియకూడదు. తెలిస్తే ఆ పిల్ల నోట్లో లేని పిప్పి కూడా నాకు కనబడుతుందట. "అనుమానం నీ మీద కాదు వదినా, మనిషి బుద్ధి మీద" అంది. ఆ మనిషిని నేనే.

పదేళ్ళుగా నేను మొత్తుకుంటున్న మాట ఒక్కటే. గొంతునొప్పికి ఇచ్చే తియ్యటి సిరప్పు పిల్లలు పళ్ళు తోముకున్నాక, పక్కెక్కే ముందు తాగుతారు. ఆ పాకం తెల్లారేదాకా పళ్ళకి అంటుకునే ఉంటుంది. గొంతు బాగుపడుతుంది, పళ్ళు పుచ్చిపోతాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఎవరో నా కోసమే చెప్పి పెట్టారు. నేను ఈ మాట అన్నప్పుడల్లా ఆడపడుచు నవ్వి, చూపించు నమ్ముతానంటుంది. ఈ ఇంట్లో డాక్టరంటే ఆమే. మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ చుట్టాలకి, అమ్మాయి డాక్టరు, కోడలు పళ్ళు చూస్తుంది అని పరిచయం చేసేది. ఈసారి చూపిస్తాను.

జులై 4

మొదటి బడి. డ్రాయింగు గది ఖాళీగా ఉందని మాకిచ్చారు. కిటికీ పక్కన కుర్చీ వేసి, వరసగా ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, నోరు తెరిపించి చూడటమే పని. నేను చూసి చెబుతాను, డ్రిల్లు టీచరు రాసుకుంటుంది. ఆమెది మైదానానికి అలవాటుపడ్డ గొంతు. "తర్వాత" అని పిలిస్తే పక్క తరగతి పిల్లలు కూడా లేచి నిలబడుతున్నారు.

పిల్లలు నోరు తెరవమంటే తెరుస్తారు గానీ మూయమంటే మూయరు. ఒకడు ఊడిన పన్ను కాగితంలో చుట్టి తెచ్చి, దీన్ని కూడా లెక్కలో వెయ్యమన్నాడు. రెండో తరగతిలో ఒక పిల్ల ఉంది, దానికి వాగుడుకాయ అని పేరు పెట్టాను. నోట్లో అద్దం పెట్టినా మాట ఆగదు. వాళ్ళమ్మ బడి వెనక సందులో బట్టలు కుడుతుందని, మిషను చప్పుడులో తన మాట ఆమెకి వినబడదని, అందుకే మాటలన్నీ బళ్ళోనే అయిపోజేసుకుని వెళతానని, అద్దం చుట్టూ నాలుక తిప్పుతూ చెప్పింది. ఒక్క పిప్పి లేదు. సాయంత్రం గేటు దగ్గర వాళ్ళమ్మ కనబడితే, మీ పాప పళ్ళు ముత్యాలండీ అని చెప్పాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. ఈ పనిలో ఇంతకన్నా ఏం కావాలి.

జులై 7

ఈ డైరీలో గీతలు ఇంత సన్నగా ఎందుకు వేశారో. వచ్చే ఏడాది వేరే కంపెనీది కొనాలి.

జులై 12

ప్రతి పరిశోధనకీ ఒక అత్తగారుంటుంది. మా పరిశోధనకి మాస్టారు. కాలేజీలో నాకు పళ్ళు చూడటం నేర్పింది ఆయనే, రిటైరై చాలా కాలమైంది. నేను చూసిన పిల్లల్లో కొందరిని ఏరి ఆయన మళ్ళీ చూస్తారు, ఇద్దరి లెక్కా కలుస్తోందో లేదో తెలియడానికి. కలవలేదు. నేను లేదన్న చోట ఆయన ఉందంటున్నారు.

ఆయన కళ్ళద్దాలు సోడాబుడ్డి అడుగులు. పెద్దవారు పాపం, మరకని చూసి పిప్పి అనుకుంటున్నారు. మొహం మీద చెప్పలేక, "మీరంత దగ్గరికి వంగితే పిల్లలు బెదురుతున్నారు మాస్టారూ" అన్నాను. నువ్వు ఎంత దూరాన్నుంచి చూస్తున్నావో చూసుకున్నావా అన్నారు. ఆయన ఎప్పుడూ అంతే, మాట పడనివ్వరు.

ఆయనకి నొప్పి కలగకుండా, మా పరిశోధన లెక్కలు చూసే లెక్చరరుకి ఈ సంగతి చెప్పాలి. ఎలా చెప్పాలో ఆలోచించాలి.

జులై 19

నేను వెళ్ళిన రోజు బడికి రాని పిల్లల్ని వదిలెయ్యకూడదని, వాళ్ళని శనివారాలు నా క్లినిక్‌కి రప్పించే ఏర్పాటు చేసుకున్నాం. ఈ రోజు కొందరు వచ్చారు. నా వాలుకుర్చీ, నా పెద్ద దీపం, నా ఫ్యాను. బడిలో నడుం విరిగేలా వంగి చూసినదానికి ఇది స్వర్గం.

కానీ ఆ నోళ్ళు చూస్తే గుండె చెరువైంది. ఒక్కొక్కడికి ఎన్ని పిప్పులో. ఒక బొద్దబ్బాయిని, ఆ రోజు బడికెందుకు రాలేదురా అన్నాను. వాడు చెప్పబోతే నేనే చెయ్యి అడ్డం పెట్టి ఆపేశాను. నియమం నియమమే. ఇంత నిక్కచ్చిగా ఉన్నందుకు ఆడపడుచు నాకు సన్మానం చెయ్యాలి.

జులై 25

పిచ్చుక గౌనుకి గుండీ ఊడింది. పిచ్చుకంటే నా కూతురు, దాని కిచకిచల వల్ల ఆ పేరు. సూదిలో దారం ఎక్కించబోతే ఎంతకీ ఎక్కదు. ఈ రోజుల్లో సూదులకి బెజ్జాలు సరిగ్గా పెట్టడం లేదు. పిచ్చుక నా చేతిలోంచి లాక్కుని ఒక్క ఊపులో ఎక్కించేసి, "నీ చేతులు పొట్టివైపోయాయి అమ్మా, ఇంకొంచెం పొడుగుంటే నువ్వే ఎక్కించేదానివి" అంది. వాళ్ళ నాన్న నవ్వుతుంటే అందులో నవ్వడానికి ఏముందో నాకు అర్థం కాలేదు.

ఆగస్టు 2

మూడో బడి కూడా అయిపోయింది. తలనొప్పి. టీ తగ్గించాలి.

ఆగస్టు 9

మాస్టారు రెండో బడి, మూడో బడి పిల్లల్ని కూడా కొందరిని చూశారట. మళ్ళీ కలవలేదు. ఇద్దరం కలిసి ఒకసారి కూర్చుందామంటున్నారు. పని ఒత్తిడిలో ఉన్నానని చెప్పాను. అబద్ధం కాదు, క్లినిక్‌లో కర్టెన్లు మార్పించాలి.

ఆగస్టు 16

ఈ రోజుని ఏ రంగు సిరాతో రాయాలో తెలియడం లేదు.

లెక్చరరు ఆడపడుచు చూసిన గొంతుల్నీ నేను చూసిన పళ్ళనీ పిల్ల పిల్లకీ జత చేసి చూశాడు. మాటిమాటికీ గొంతునొప్పి వచ్చే పిల్లల్లో పిప్పి పళ్ళు మిగతావాళ్ళకి మూడు రెట్లు. మూడు. ఆయనకే నమ్మకం కుదరక రెండుసార్లు వేసి చూశాడట.

ఆడపడుచు మెట్లు దిగి వచ్చి వంటగది గుమ్మంలో నిలబడింది. నేను గిన్నెలు సర్దుతున్నాను. "వదినా, పదేళ్ళు నవ్వాను. నువ్వు చెప్పిందే నిజం" అంది. చేతిలో ఉన్న మూత ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక పట్టుకునే నిలబడింది. మా అత్తగారు ఉండి ఉంటే బాగుండేది. ఇది రాయడం నాకు సిగ్గుగా ఉంది గానీ నిజం.

నిషేధం ఎత్తేశాం. భోజనాల దగ్గర గొంతులూ పళ్ళూ తప్ప ఇంకో మాట లేదు. మా ఆయన కంచం పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

నెలాఖరున మూడు బళ్ళ తల్లిదండ్రుల్నీ ఒకచోట కూర్చోబెట్టి చెప్పాలని, కరపత్రం పంచాలని నిర్ణయం. మాట్లాడేది నేనే. ఆడపడుచుకి ఒకటే భయం. పళ్ళు పోతాయని బెదిరి తల్లులు మందే మానేస్తారేమో, గొంతులో జబ్బు ముదిరితే అది కీళ్ళకీ గుండెకీ పాకుతుంది, మాట జాగ్రత్తగా వాడమంది. సరే, జాగ్రత్తగానే వాడతాను. మూడు రెట్లు అన్నది మాత్రం గట్టిగా అంటాను.

ఆగస్టు 18

మాస్టారు ఫోను. కరపత్రం పనిలో ఉండి తియ్యలేదు.

ఆగస్టు 19

మళ్ళీ మాస్టారు. స్నానానికి వెళ్ళబోతున్నాను కదా అని తియ్యలేదు.

ఆగస్టు 20

ఈ రోజు చెయ్యలేదు. హమ్మయ్య.

ఆగస్టు 22

ఫోను ఎందుకు చెయ్యలేదో తెలిసింది. మనిషే వచ్చారు.

మధ్యాహ్నం క్లినిక్‌లో ఎవరూ లేరు. మాస్టారు బయట గదిలో కిటికీ దగ్గర బల్ల మీద కూర్చుని, లోపలికి రమ్మంటే రాలేదు. ఇక్కడే నా నోరు చూడు అన్నారు. ఏం నొప్పి అంటే, నొప్పి సంగతి తర్వాత, ముందు చూడు అన్నారు. చిన్న అద్దం తెచ్చి చూశాను. కింద, పైన, ఎడమ, కుడి, ఆయన నేర్పిన వరసలోనే. మీ వయసుకి మీ పళ్ళు బ్రహ్మాండం అని చెప్పాను. నిజంగా అలాగే కనబడ్డాయి.

ఆయన లేచి లోపలికి నడిచి, వాలుకుర్చీలో పడుకుని, దీపం తనే వేసుకుని, ఇప్పుడు చూడు అన్నారు.

పై వరసలో చివరి పన్నుకి నా వైపే తిరిగి ఉంది పిప్పి. గోరు పట్టేంత.

"ఇది ఏడాదిగా ఉంది. నొప్పి లేదు కదా అని బద్ధకించాను. మంచి పనే అయింది" అన్నారు. ఆ తర్వాత మెల్లగా, క్లాసులో చెప్పినట్టే చెప్పారు. కళ్ళకి చత్వారం వచ్చినవాళ్ళకి వెలుతురు ఎక్కువుంటే దగ్గరిది కనబడుతుంది, తగ్గితే అలుక్కుపోతుంది. "బడికొచ్చిన పిల్లల్ని కిటికీ పక్కన చూశావు. రానివాళ్ళని ఈ దీపం కింద చూశావు. బడికి రానివాళ్ళెవరమ్మా?"

గొంతునొప్పితో మంచం ఎక్కినవాళ్ళే బడికి రారు. ఆ బొద్దబ్బాయి చెప్పబోయింది అదే.

అంటే గొంతునొప్పి పిల్లలకి పిప్పులెక్కువ కాదు. వాళ్ళ పిప్పులు నాకు కనబడ్డాయి, మిగతావాళ్ళవి కనబడలేదు. మూడు రెట్లలో ఎంత పిల్లలదో, ఎంత నా కళ్ళదో ఆ దేవుడికే తెలియాలి.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, నీ ఆడపడుచుకి నేను చెప్పను, అది నీ పని అన్నారు.

ఆగస్టు 23

మాస్టారి పంటికి సిమెంటు పెట్టాను. ఆయన నోరు తెరిచే ఉండాలి కాబట్టి ఇద్దరం మాట్లాడుకోలేదు. చాలా సేపు పెట్టాను.

ఆగస్టు 24

అయినా మూడు రెట్లంటే మాటలా. నా కళ్ళ వల్ల కొంత పోయిందనుకున్నా రెండు రెట్లయినా నిలుస్తుంది. తియ్యటి పాకం పళ్ళని పాడుచేస్తుందనడంలో అబద్ధమేముంది. ఇది అందరికీ తెలిసిందే. మీటింగులో మూడు అనకుండా ఎక్కువ అంటే సరిపోతుంది. ఆడపడుచుని ఇప్పుడు కంగారు పెట్టడం ఎందుకు.

పిచ్చుక నా భుజం మీంచి తొంగి చూసి, ఏం రాస్తున్నావంది. సామాన్ల చీటీ అన్నాను.

ఆగస్టు 25

కళ్ళజోళ్ళ కొట్టుకెళ్ళాను, మా వీధిలోది కాదు. కుర్రాడు అక్షరాలు చదివించి, "చత్వారమండీ, నలభై దాటాక అందరికీ వచ్చేదే" అన్నాడు. ఓదార్పు వాడి జీతంలో భాగమనుకుంటాను. అద్దాలు పెట్టుకోగానే మొదట కనబడింది నా చేతులు. ఇన్ని ముడతలు ఎప్పుడు వచ్చాయో.

ఇంటికొచ్చి పిచ్చుక నోరు తెరిపించి ప్రతి పన్నూ చూశాను, రెండుసార్లు. దాని పళ్ళు బాగున్నాయి. మంచం మీద కూర్చున్నాను. ఎవరింట్లోనో ఇలా చూసుకునే తల్లి ఉండదు, నేను చెప్పిన మాటే ఉంటుంది. ఆ ఆలోచన రాగానే లేచి వంటపనిలో పడ్డాను.

ఈ డైరీ కూడా మొదటినుంచీ చదివాను. నా రాత గీత మీద లేదు, కొన్నిచోట్ల రెండు గీతల మధ్య ఈదుతోంది. అద్దాలు సంచి అడుగున పెట్టాను.

ఆగస్టు 27

వాగుడుకాయని వాళ్ళమ్మ రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. పిల్ల గుమ్మంలోంచి కుర్చీ దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ముందు నేను గుర్తుపట్టలేదు.

పన్ను నొప్పి అని నెలరోజులుగా ఇంట్లో గొడవ చేస్తోందట. బడి ఎగ్గొట్టడానికి నాటకమని వాళ్ళమ్మ తిట్టింది, ఒకట్రెండుసార్లు చెయ్యి కూడా చేసుకుంది. "మీరే స్వయంగా గేటు దగ్గర చెప్పారు కదండీ, ముత్యాలని. దీనికేం లేదని మీరోసారి గట్టిగా చెప్పండి డాక్టరుగారూ. నా మాట వినదు" అంది.

పెద్ద దీపం వేశాను. సంచిలోంచి అద్దాలు తీసి పెట్టుకున్నాను. కింద ఎడమవైపు, దవడ పన్ను. లోపల సగం తొలుచుకుపోయింది, చిగురు వాచింది. ఇది నెలరోజులది కాదు. నేను కిటికీ పక్కన చూసిన రోజుకి ఇది ఖచ్చితంగా ఉంది.

వాళ్ళమ్మ నా మొహమే చూస్తోంది. "ఈ మధ్యే వచ్చినట్టుంది. చిన్నపిల్లల్లో ఒక్కోసారి గబగబా పెరుగుతుంది" అన్నాను.

మత్తిచ్చి, శుభ్రం చేసి, మందు పెట్టి మూశాను. ఇంకా రెండుమూడుసార్లు రావాలి. డబ్బులు తీసుకోలేదు, ఆవిడ నాకు దణ్ణం పెట్టింది. పిల్ల మాత్రం నన్నే చూస్తూ వెళ్ళింది. దానికి తెలుసు.

ఆగస్టు 28

గబగబా పెరుగుతుందనేది పుస్తకాల్లో ఉంది. వెతికి చూశాను. ఉంది.

ఆగస్టు 29

చెప్పేశాను.

ఆడపడుచు మెట్ల మీద కూర్చుని కరపత్రం తప్పులు దిద్దుతోంది. పక్కన కూర్చుని, సంచిలోంచి అద్దాలు తీసి పెట్టుకుని, నాకు చత్వారం వచ్చింది అన్నాను. నవ్వింది. ఇందుకా ఈ వారం రోజులూ తేలుకుట్టిన దొంగలా తిరుగుతున్నావ్, మా అన్నయ్యకి ఎప్పుడో తెలుసు అంది. అప్పుడు మిగతాది చెప్పాను. కిటికీ, దీపం, బడికి రాని పిల్లలు. చెబుతుంటే ఆమె నవ్వు ఎక్కడ ఆగిందో నాకు కనబడింది, అద్దాలున్నాయి కదా.

కేకలేస్తుందనుకున్నాను. కరపత్రం నాలుగు మడతలు పెట్టి, నీకెప్పుడు తెలిసింది అని అడిగింది.

"పోయిన వారం."

"పోయిన వారం" అని ఆమె మళ్ళీ అనుకుంది. "వదినా, ఈ వారమంతా తల్లులు మందు మానేస్తారేమోనని నేను భయపడుతుంటే, నువ్వు నా పక్కనే కూర్చుని తలూపావు."

పైకి వెళ్ళిపోయింది. భోజనానికి దిగలేదు. పిచ్చుక కంచం పైకి తీసుకెళ్ళి, ఖాళీ చేతులతో దిగొచ్చి, అత్త ఏడుస్తోందని చెప్పింది.

ఆగస్టు 30

జులైలో రెండు మాటలు నిషేధం. ఇప్పుడు అన్నీ.

ఆగస్టు 31

మీటింగు జరిగింది. నా బదులు ఆమే మాట్లాడింది. పరిశోధన ఇంకా తేలలేదని, పిల్లలందరి పళ్ళూ మళ్ళీ చూస్తామని, గొంతునొప్పికి ఇచ్చిన మందు మాత్రం చెప్పినన్ని రోజులూ వెయ్యాలని, వేశాక నీళ్ళు పుక్కిలించమని చెప్పింది. ఎందుకు తేలలేదని ఒక తండ్రి అడిగితే, చూసినదాంట్లో లోపం దొరికిందని చెప్పింది. ఎవరు చూశారో చెప్పలేదు. నేను వెనక వరసలో ఒక స్తంభం చాటున కూర్చున్నాను. చాలా మంచి స్తంభం.

సెప్టెంబరు 3

ఆడపడుచు టీకి దిగింది. కోపం పోలేదు, పని వచ్చింది. పిల్లలందరినీ ఒకే కుర్చీలో, ఒకే దీపం కింద, మాస్టారు ఒక్కరే చూడాలట. నేను పక్కన కూర్చుని రాయాలట.

ఇప్పుడు అద్దాలున్నాయి కదా, నేనే చూస్తానన్నాను. ఎవరి గొంతేమిటో నీకు తెలిసిపోయింది, నీ కళ్ళు బాగైనా నీ మాట చెల్లదు అంది. నిజమే. ఆమె వెళ్ళాక రెండో కప్పు టీ తాగి కాసేపు తిట్టుకున్నాను, ఆమెనే.

సెప్టెంబరు 16

రోజూ బడి వ్యానులో పిల్లలు క్లినిక్‌కి వస్తున్నారు. మాస్టారు వంగి, ముక్కు పిల్లల ముక్కుకి తగిలేలా చూస్తూ, పన్ను పన్నుకీ చెబుతారు. నేను రాస్తాను. జులైలో నేను "లేదు" అన్న నోళ్ళలో ఆయన "ఉంది" అంటున్నప్పుడల్లా పెన్ను ఆగకుండా చూసుకుంటున్నాను. గురివింద గింజ తన నలుపెరగదంటారు. ఈ గింజకి రోజూ చూపిస్తున్నారు.

మధ్యలో మాస్టారు ఆగి, ఏమ్మా రాస్తున్నావా, ఏడుస్తున్నావా అన్నారు. రెండూ కాదు, నిబ్బు మొండికేసిందన్నాను. ఆయన తన పెన్ను ఇచ్చి మళ్ళీ వంగారు.

సెప్టెంబరు 20

పిప్పులు తేలిన పిల్లల ఇళ్ళకి కబురు పంపాం, వైద్యం నా క్లినిక్‌లో ఉచితమని. కబురు నేనే రాశాను. మొదటిసారి చూడటంలో పొరపాటు జరిగింది అని పెట్టాను. ఎవరివల్ల అనేది పెట్టలేదు, కాగితంలో చోటు చాలలేదు.

వాగుడుకాయ రెండో విడత వైద్యానికి వచ్చింది. వాళ్ళమ్మకి పని తెమలక పక్కింటావిడ తీసుకొచ్చింది. పక్కింటావిడకి చెప్పి ఏం లాభమని ఊరుకున్నాను.

అక్టోబరు 4

లెక్క తేలింది. మూడు రెట్లు గాలికి పోయింది. గొంతునొప్పి పిల్లలకి పిప్పులు కొంచెం ఎక్కువున్నట్టే ఉందట, కానీ అది కాకతాళీయమూ కావచ్చట. ఉంటే ఉండొచ్చు, లేకపోతే లేకపోవచ్చు అని లెక్చరరు గంభీరంగా చెప్పాడు. ఇంత మాత్రానికి చదువెందుకని మా ఆయన అడిగాడు.

ఆడపడుచు పత్రం రాయడం మొదలుపెట్టింది. మొదటి లెక్క ఎందుకు చెడిందో అందులో చెప్పాలి, లేకపోతే రేపు ఇంకొకరు ఇదే గోతిలో పడతారు అంది. ఆ భాగం నీకు ఇబ్బందైతే నేనే రాస్తానని కూడా అంది. ఇవ్వమని తీసుకుని, మొదట పళ్ళు చూసిన డాక్టరుకి దగ్గరి చూపు తగ్గిందని, ఆమె ఆ సంగతి ఒప్పుకోలేదని రాశాను. ఆమె చదివి, రెండో ముక్క పత్రంలో అక్కర్లేదు వదినా అని కొట్టేసింది. కొట్టేసి నవ్వింది. చాలా రోజుల తర్వాత నేనూ నవ్వాను. వచ్చే ఏడు ఇంకా ఎక్కువమంది పిల్లలతో మళ్ళీ చేద్దామంది, మందు పాకం సంగతి తనకీ తేల్చుకోవాలని ఉందట. నా మాటని ఇప్పుడు ఆమె మొయ్యడం విచిత్రంగా ఉంది.

అక్టోబరు 7

వాగుడుకాయకి చివరి విడత. ఈసారి వాళ్ళమ్మే వచ్చింది, మెళ్ళో కొలత టేపు తియ్యడం మరిచిపోయి. మత్తిచ్చి పెదవి మొద్దుబారే దాకా ఆగాం. పిల్ల ఇప్పటికీ మాట్లాడదు, అడిగిందానికి తలూపుతుంది.

ఈ మధ్య బళ్ళో కూడా ఇలాగే ఉంటోందట. వాళ్ళమ్మ దాని జుట్టు సవరిస్తూ, ప్రేమగానే అంది. "నేను దీనికి రోజూ చెబుతున్నానండీ. ముందు లేని నొప్పి ఉందని అబద్ధం చెప్పావు, అందుకే దేవుడు నిజంగా ఇచ్చాడు అని. ఇప్పుడు బుద్ధొచ్చింది. అబద్ధాలు మానేసింది."

పిల్ల కప్పు వైపు చూస్తోంది. నేను చేతిలో పనిముట్టు కింద పెట్టాను. ఇంటికి పంపిన కబురు గుర్తొచ్చింది, పొరపాటు జరిగింది అన్నది. అది ఈ పిల్లకి ఏ విధంగానూ అందలేదు.

"మీ పాప అబద్ధం చెప్పలేదండీ. మొదటినుంచీ నిజమే చెప్పింది" అన్నాను. "నేను బడికొచ్చిన రోజుకే ఈ పిప్పి ఉంది. నాకు కనబడలేదు. నా చూపు తగ్గింది, అది ఒప్పుకోలేక ముత్యాలని చెప్పి పంపాను. పోయినసారి మీరొచ్చినప్పుడు ఈ మధ్యే వచ్చిందన్నాను చూడండి, అబద్ధం అదీ. అది నాది."

ఆవిడకి ఒక్కసారిగా అర్థం కాలేదు. నన్ను చూసింది, పిల్లని చూసింది, టేపు చివర పట్టుకుని వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ఆవిడ ఏమనుకుంటుందో నేను చూడలేకపోయాను, పిల్ల వైపు తిరిగాను.

అది కప్పు మీంచి చూపు తిప్పి నన్ను చూస్తోంది. పెదవి సగం తిమ్మిరెక్కి ఉంది. వంకర నోటితో, మాట మాటా కూడదీసుకుని, "మళ్ళీ చెప్పండి" అంది.

మళ్ళీ చెప్పాను, బయట గదిలో కూర్చున్నవాళ్ళకి కూడా వినబడేలా. వాళ్ళమ్మ వచ్చి దాని తల తన పొట్టకి ఆనించుకుంది, ఆవిడ భుజాలు కదులుతున్నాయి. నేను మూడోసారి కూడా చెప్పాను, అది అడగకపోయినా.